సగటున తొమ్మిది

హైదరాబాదు,
20-9-1963.

ప్రేమక్కకు,

తమ్ముడు జ్ఞానం వందనాలు. నెలరోజులుగా ఉత్తరం ముక్క లేదని నన్ను తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో. తిట్టడం అయ్యాక ఈ ఉత్తరం రెండుసార్లు చదువు. ఈసారి నీతో నిజంగా పనిపడింది.

చిన్నప్పుడు మన అల్లూరు చేలగట్ల మీద మిడతల్ని పట్టి రెక్కలు విప్పితే, కింద ఎర్రగా ఆవగింజంత బొట్లు ఉండేవి, గుర్తుందా? నువ్వు వాటిని గోటితో గిల్లి, "పాపం, దీనికి పేలు పట్టాయిరా" అనేదానివి. నువ్వన్నది నిజమేనట! అవి ప్రాణులు. మా వ్యవసాయశాఖ వాళ్ళు ఎర్రనల్లి అంటారు. మంచంలో ఉండే నల్లి కాదులే, భయపడకు. పిల్లగా ఉన్నప్పుడు మిడత రెక్కకు అతుక్కుని దాని రసం పీలుస్తుంది. పెద్దయ్యాక నేలలోకి దిగి, గట్టులో మిడత పెట్టిన గుడ్లు తింటుంది. అంటే మిడతకు పైనా శత్రువే, కిందా శత్రువే. మనం చల్లకుండానే ఎవరో చల్లిపెట్టిన మందు అనుకో.

ఆఫీసులో నా సంగతి నీకు తెలుసు. మూడేళ్ళుగా పురుగుల పెట్టెలకు చీటీలు అంటించడమే నా ఉద్యోగం. మా పెద్దాయన పద్మనాభయ్య గారు మొన్న అందర్నీ పిలిచి, వరి మిడతల మీద ఈ నల్లి ఎంత ఉందో కోస్తా జిల్లాల నుంచి లెక్క కావాలన్నారు. నల్లి బాగా ఉన్న చోట పొడిమందు చల్లనక్కర లేదని రైతులకు చెప్పవచ్చునట. "నెల్లూరు నాదండీ" అని నేను చెయ్యెత్తాను. ఎత్తాక గుర్తొచ్చింది, నాకు సెలవు లేదని!

అందుకని నువ్వే నాకు చేతులు. రెండు వందల మిడతల్ని పట్టించు. పొద్దున్నే మంచు ఆరకముందు పట్టాలి. అప్పుడు రెక్కలు తడిసి ఉంటాయి, చేత్తో ఏరుకోవచ్చు. ఒక్కొక్కదాని రెక్కలు విప్పి, ఎన్ని నల్లులున్నాయో పుస్తకంలో వరసగా వెయ్యి. పన్నెండేళ్ళుగా మిషను బడిలో హాజరుపట్టీ తప్పు లేకుండా వేస్తున్నదానివి, నీకంటే నమ్మకమైన మనిషి నాకు దొరకరు.

బావకు వందనాలు. నాట్లు అయ్యాయా?

నీ తమ్ముడు,
జ్ఞానప్రకాశం.

---

అల్లూరు,
4-10-1963.

జ్ఞానానికి,

అక్క ఆశీస్సులు. పనిపడితే గానీ అక్క గుర్తురాదన్నమాట! బాగుంది నాయనా.

నాట్లు అయ్యాయి. ఎప్పటిలాగే మొలగొలుకులు వేశాం. ఆరునెలల పంట, సంక్రాంతి దాటితే గానీ కోతకు రాదు. మీ బావకు ఇప్పటినుంచే దాని మీద బెంగ.

నీ మిడతల పని నేనొక్కదాన్నీ ఎక్కడ చెయ్యను? ముసలమ్మను తోడు పిలిచాను. మన మాగాణిలో చివరి కయ్య పాలికి చేస్తున్న ఓబులేసు పెళ్ళాం. పేరుకే ముసలమ్మ, ముప్పై ఏళ్ళు లేవు. నాయనమ్మ పేరు పెట్టారట. నేను ఒకటి పట్టేలోపు ఆమె ఐదు పట్టి సీసాలో పడేసింది. ఓబులేసు గట్టు మీద నిలబడి ఒకటే నవ్వడం. "ఏందమ్మా, మిడతలకు పేన్లు చూసేదానికా మీ తమ్ముడికి గవర్నమెంటోళ్ళు జీతమిస్తా ఉండారు?" అన్నాడు. నేనేం చెప్పను? అవునన్నాను.

లెక్క చూసుకో. మిడతలు రెండు వందలు. వాటి మీద నల్లులు పద్ధెనిమిది వందలు. సరిగ్గా అంతే వచ్చాయి, నేనే నమ్మలేక రెండోసారి కూడి చూశాను. ఒక మిడత మీద ఎనభై నాలుగున్నాయి. పాపం, అది ఎగరడం మాట అటుంచి నడవలేకపోతోంది. ముప్పై ఏడింటి మీద ఒక్కటీ లేదు. పుస్తకంలో వరసలన్నీ ఎత్తి రాసి దీనితో పెట్టాను.

ముసలమ్మ ఒక మాటంది, నీకు నవ్వొస్తుందని రాస్తున్నాను. "అమ్మా, మనకు చిక్కినయ్యన్నీ జబ్బుగొడ్లే. మంచియ్యి మనం వంగేలోపలే ఎగిరిపోయినాయి. ఇయ్యి లెక్కబెట్టి ఏం తేలుస్తాడమ్మా ఆయన?" అంది. నిన్ను పట్టుకుని ఆయన అంటోందిరా, మురిసిపో.

ఒక ముఖ్యమైన సంగతి. గ్రామసేవకుడు గంగాధరం గారు పొడిమందు మూటలు తెచ్చి బడి వసారాలో దించారు. ఊరంతా రాయించుకుంటున్నారు. మీ బావ మాత్రం, "జ్ఞానం ఏమంటాడో కనుక్కో, వాడు చెప్పినట్టు చేద్దాం" అంటున్నారు. వెంటనే రాయి.

అక్క,
ప్రేమలీల.

---

హైదరాబాదు,
12-10-1963.

అక్కా!

నీ ఉత్తరం చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. సగటున తొమ్మిది! మిడతకు తొమ్మిదేసి నల్లులు! గుంటూరు లెక్క రెండు దాటలేదు, కృష్ణా లెక్క ఒకటిన్నర. పద్మనాభయ్య గారు నా కాగితం చూసి, "ఇది ఎవరిదయ్యా?" అన్నారు. నాదన్నాను. "కూర్చో జ్ఞానప్రకాశం" అన్నారు. మూడేళ్ళలో ఆయన నన్ను పేరు పెట్టి పిలవడం ఇదే మొదటిసారి. రిపోర్టు నన్నే రాయమన్నారు. ఇది నిలబడితే నా ఉద్యోగం ఖాయమవుతుందని హెడ్ గుమాస్తా చెవిలో చెప్పాడు.

ముసలమ్మ మాట మా ఆఫీసులో చదివి వినిపించాను. అందరూ పడీపడీ నవ్వారు. "ఆమెను ఇక్కడికి బదిలీ చేయిద్దాం" అన్నాడొకడు.

ఇక బావకు చెప్పు: పొడి చల్లవద్దు. చల్లితే మిడత కంటే ముందు నల్లి చస్తుంది. చేతులారా మన సైన్యాన్ని మనమే చంపుకున్నట్టు. ఒక్కో మిడత నెత్తిన తొమ్మిది నల్లులు కూర్చుని ఉంటే అది ఎన్నాళ్ళు తింటుంది, ఎన్ని గుడ్లు పెడుతుంది? నవంబరు నెలాఖరుకు వాటంతట అవే తగ్గిపోతాయి. బావకే కాదు, నీ మాట వినేవాళ్ళు ఇంకెవరైనా ఉంటే వాళ్ళకు కూడా చెప్పు. మందు చల్లని పొలాలు కొన్ని ఒకే చోట ఉంటే నా రిపోర్టుకు బలం.

బావకు నా మాటగా చెప్పు. పూచీ నాది.

జ్ఞానం.

---

అల్లూరు,
2-11-1963.

జ్ఞానానికి,

ఈ ఉత్తరం అందిన రోజే జవాబు రాయి. మర్నాటికి పెట్టకు.

నీ మాట బావకు చెప్పాను. ఆదివారం ఆరాధన అయ్యాక మిగతావాళ్ళకు కూడా చెప్పాను. ఊళ్ళో నూట ఇరవై ఎకరాల మాగాణిలో పదెకరాల వాళ్ళు విన్నారు. మనం, ఓబులేసు, పిచ్చమ్మ, ఆమె మరిది. నాలుగిళ్ళు. పిచ్చమ్మ మొగుడు లేని మనిషి. పొడిమూట ఇంటికి తెచ్చుకుని కూడా, "పంతులమ్మ చెప్పినాక ఇంకేముంది" అని తిరిగిచ్చేసింది.

మిగతా ఊరంతా పొడి చల్లింది. చల్లిన మూడో రోజునుంచి మిడతలు మన కయ్యల్లోకి వచ్చి పడుతున్నాయి. పడుతున్నాయంటే నీకు అక్కడ అర్థం కాదు. గట్టు మీద నడిస్తే మొహానికి తగులుతున్నాయి. ఆకు అంచులు కొరికేసి ఈనెలు మిగులుస్తున్నాయి.

నాకు ముసలమ్మ మాట గుర్తొచ్చింది. పాత దోమతెర చింపి కర్రకు కట్టి, మిట్టమధ్యాహ్నం ఎగిరేవాటిని ఎగురుతుండగా పట్టాం. ఓబులేసు చెరువులో చేపలకు వల విసిరినట్టు విసిరాడు. వంద పట్టాం. జ్ఞానం, ఎనభై ఒక్కదాని మీద ఒక్క నల్లీ లేదు. పదిహేనింటి మీద ఒకటీ రెండూ ఉన్నాయి. మిగిలిన నాలుగింటి మీదే యాభై, అరవై చొప్పున ఉన్నాయి. ఆ నాలుగూ ఎగిరినవి కావు, గాలికి కొట్టుకొచ్చి వలలో పడ్డవి. వరసలన్నీ దీనితో పంపుతున్నాను.

నాకు తోచింది చెబుతాను, తప్పయితే దిద్దు. నల్లులు అన్ని మిడతల మీదా సమంగా లేవు. కొన్నింటినే పట్టుకుని ఉన్నాయి. పట్టినవి ఎగరలేవు కాబట్టి మంచులో మాకు చిక్కాయి. ఊళ్ళో పొడికి చచ్చినవి కూడా అవే. ఎగరగలిగినవి ఎగిరి మన కయ్యల్లోకి వచ్చాయి. అంటే ఇప్పుడు మన దగ్గరున్నవన్నీ ఏ నల్లీ లేని గట్టివే. అవునా, కాదా?

గంగాధరం గారి దగ్గర ఇంకా నాలుగు మూటల పొడి ఉంది. ఈ వారమే చల్లాలి, ఆ తరువాత ఆయన వేరే ఊరికి తీసుకుపోతారు. బావ అడగడం లేదు, నేను అడుగుతున్నాను. చల్లమంటావా, వద్దంటావా? ఒక్క ముక్క రాయి చాలు.

అక్క.

---

హైదరాబాదు,
10-11-1963.

ప్రేమక్కకు,

నీ ఉత్తరం ఆలస్యంగా అందింది. ఇక్కడ ఇన్‌స్పెక్షను రోజులు, ఊపిరాడడం లేదు.

నువ్వు కంగారుపడుతున్నావు. ఏ కొత్త పద్ధతికైనా మొదట్లో ఇలాగే ఉంటుంది. పక్క పొలాల నుంచి కొన్ని రావడం సహజం. ఇంకో పది రోజులు ఓపిక పట్టండి. నల్లి తన పని తాను చేస్తుంది. ఇప్పుడు చల్లితే ఇన్నాళ్ళు ఆగిందంతా వృథా.

రిపోర్టు టైపు అయి పైకి వెళ్ళింది. బావను ధైర్యంగా ఉండమను.

జ్ఞానం.

---

అల్లూరు,
27-11-1963.

జ్ఞానానికి,

కార్డు రాస్తున్నాను, కవరు రాసేంత తీరిక లేదు. పది రోజులు ఆగాం. పొట్టమీదున్న పైరు కంకి కాడల దాకా కొరికేశాయి. చివరికి నాలుగిళ్ళవాళ్ళూ కలిసి ఎండ్రిన్ అనే ఘాటు మందు తెప్పించి కొట్టించారు. మిడతలు చచ్చాయి. మీ బావకు వారంగా ఉన్న జ్వరం తగ్గింది, ఒంట్లో బాగానే ఉంది.

ప్రేమలీల.

---

హైదరాబాదు,
18-12-1963.

ప్రేమక్కకు, బావకు,

క్రిస్మసు శుభాకాంక్షలు. నీ కార్డు చూసి ఎంత నిశ్చింతగా నిద్రపోయానో చెప్పలేను. పోనీలే, మిడతలు పోయాయి కదా. కొంత పైరు దెబ్బతిన్నా మొలగొలుకులు మళ్ళీ పిలకలు వేస్తాయి. రిపోర్టులో మాత్రం ఎండ్రిన్ సంగతి రాయలేదు, అది మన లెక్క ముగిశాక జరిగినది కాబట్టి.

పండక్కి రాలేను. జనవరిలో మా వస్తుప్రదర్శన ఉంది. నల్లులు బాగా పట్టిన మిడతలు ఒక ఇరవై స్పిరిటు సీసాలో వేసి పంపగలవా? మంచులో చేత్తో పట్టినవే బాగుంటాయి. ముసలమ్మకు చెప్పు, సీసా మీద ఆమె పేరు వేయిస్తాను! ఓబులేసును అడిగానను. పేన్లు చూసేవాడి ఉద్యోగం ఖాయం కాబోతోందని చెప్పు, మళ్ళీ నవ్వుతాడు.

జ్ఞానప్రకాశం.

---

హైదరాబాదు,
24-2-1964.

అక్కా,

మూడు నెలలుగా నీ దగ్గరినుంచి ఒక్క ముక్క లేదు. సీసా పంపలేదు, పోనీ. నాకెందుకో మనసు బాగాలేదు. బడిలో పరీక్షల పనేమో అనుకుంటున్నాను.

రిపోర్టు అచ్చయింది, ఒక ప్రతి దీనితో పంపుతున్నాను. మూడో పేజీలో నీ పేరు కూడా ఉంది, "స్థానిక ఉపాధ్యాయిని సహకారంతో" అని. గంగాధరం గారి కోత లెక్కలు కూడా చేర్చాం. చూశావా, మొత్తం గ్రామంలో మిడత వల్ల నష్టం సగటున ఎకరాకు ఒక్క బస్తా! "స్వల్పం" అని పద్మనాభయ్య గారే తన చేత్తో దిద్దారు. అంటే నువ్వు భయపడ్డంత ఏమీ జరగలేదు. ముసలమ్మకు కూడా చదివి వినిపించు.

జవాబు రాయి అక్కా. తిడుతూ అయినా రాయి.

జ్ఞానం.

---

అల్లూరు,
8-3-1964.

జ్ఞానానికి,

నీ అచ్చు కాగితం చదివాను. ముసలమ్మకు చదివి వినిపించలేదు.

నవంబరు కార్డులో నీకు నేను రాసినవాటిలో అబద్ధం ఒక్కటీ లేదు. మందు కొట్టించారన్నాను, నిజమే. కొట్టిందెవరో రాయలేదు.

గంగాధరం గారు మూటలు తీసుకుపోయాక ఊళ్ళో పొడి దొరకలేదు. నెల్లూరు నుంచి ఎండ్రిన్ తెప్పించారు. చిమ్మే పంపు కూడా పొడితో పాటే పోయింది. నీళ్ళ బకెట్లో కలిపి వేపమండలతో చల్లాలి. బావకు ఆ వారమంతా జ్వరం. పిచ్చమ్మ ఆడమనిషి, ఆమె మరిదికి చెయ్యి వాచి ఉంది. ఓబులేసు, "మీరుండండయ్యా, నాలుగిళ్ళ కయ్యలూ నేనే చల్లేస్తా, ఇదేమన్నా కొండ తవ్వేదా?" అన్నాడు. పదెకరాలు, రెండు రోజులు. ఒంటి మీద చొక్కా లేదు. సముద్రం గాలి ఎదురు కొడుతోంది. చల్లిందంతా సగం పైరు మీదా సగం అతని మీదా పడింది. గాలికి వీపు పెట్టి చల్లమని చెప్పడానికి అక్కడ తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. నేను బడిలో ఎక్కాలు చెబుతున్నాను.

రెండో రోజు మధ్యాహ్నం గట్టు మీద కూర్చుని ముసలమ్మ తెచ్చిన సద్ది తిన్నాడు. చెయ్యి కాలవలో కడుక్కున్నాడట. ఆ కాలవలోకి దిగేది ఆ కయ్యల నీళ్ళే. తిన్న కాసేపటికే ఫిట్లు వచ్చాయి. ముసలమ్మ కేక విని నేను పరుగెత్తేసరికి, అతను నాలుక కరుచుకోకుండా ఆమె తన వేలు అతని పళ్ళ మధ్య పెట్టి ఉంది. బండి కట్టాం. ఊరు దాటలేదు, ప్రాణం పోయింది. ఆ వేలికి ఊడిన గోరు ఇంకా రాలేదు.

నీకు రాయవద్దన్నది మీ బావ. "వాడు చిన్నవాడు, కుంగిపోతాడు, ఉద్యోగం పాడుచేసుకుంటాడు" అన్నారు. నేనూ సరేనన్నాను. నిన్ను కాపాడడానికి అనుకున్నాను గానీ, నిజం చెప్పాలంటే నన్ను నేను కాపాడుకోవడానికే. నీ మాటను మోసుకుపోయి నలుగురికి చెప్పింది నేను. పిచ్చమ్మ చేత మూట తిరిగిప్పించింది నేను. ఆరాధన అయిన నోటితోనే చెప్పాను జ్ఞానం.

నీ సగటు సరిగ్గానే ఉంది, నేను కూడి చూశాను. నూట పది ఎకరాలకు నష్టం సున్నా. పదెకరాలకు పన్నెండేసి బస్తాలు, అంటే పండేదంతా. మొత్తం నూట ఇరవై. నూట ఇరవై ఎకరాలతో భాగిస్తే ఒకటి. స్వల్పమే. దోమతెరలో ఎనభై ఒక్క మిడతలకు సున్నా, నాలుగింటికి యాభై, అరవై. నీ నల్లుల లెక్క ఎలా ఉందో మా ఊరి లెక్కా అలాగే ఉంది. చివరికి నాలుగిళ్ళ బరువూ ఒక్కడి మీదికే ఎక్కింది.

గంగాధరం గారు నింపుకుపోయిన కాగితంలో మనిషి చావుకు గడి లేదు. నేను చెబుతాను, రాసుకో. ఊళ్ళో నూట నలభై ఇళ్ళు. చావు ఒకటి. సగటు నువ్వే తియ్యి. నాకు చెయ్యి రావడం లేదు.

ప్రేమలీల.

---

హైదరాబాదు,
22-3-1964.

అక్కా,

నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఇది ఐదోది. ఎలా ఉంటే అలా పంపేస్తాను.

నవంబరులో నీ ఉత్తరం ఆలస్యంగా అందలేదు. ఐదో తారీఖునే అందింది. అప్పటికి రిపోర్టు టైపు మిషను మీద ఉంది, పైకి పోలేదు. నీ దోమతెర లెక్క చదివిన గంటలోపే నాకంతా అర్థమైంది. నువ్వు దిద్దమన్నావు, దిద్దడానికి అందులో ఏమీ లేదు. ఎగరలేనివాటిని పట్టమని చెప్పింది నేను. పట్టినవాటిని చూసి ఊరంతా అలాగే ఉందనుకున్నది నేను. ఆ ఉత్తరం సొరుగులో పెట్టి తాళం వేశాను. ఐదు రోజులు ఆగి, నీకు ఓపిక పట్టమని రాశాను. పద్మనాభయ్య గారు మళ్ళీ నన్ను "ఏమయ్యా" అని పిలుస్తారని భయపడ్డాను అక్కా. అంతే. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా దొరుకుతుందేమోనని వారం రోజులుగా వెతుకుతున్నాను, దొరకలేదు.

ముసలమ్మ మాట నీ మొదటి ఉత్తరంలోనే ఉంది. మా ఆఫీసులో ఆరుగురు చదువుకున్నవాళ్ళం దాన్ని విని నవ్వాం. పూచీ నాదని రాశాను కదా. ఆ మాట ఎంత తేలిగ్గా రాశాను!

పోయిన వారమే నీ ఉత్తరాలన్నీ పద్మనాభయ్య గారి బల్ల మీద పెట్టాను. చాలాసేపు చదివారు. కళ్ళజోడు తీసి, "పాపం" అన్నారు. ఆ తరువాత, "అయినా సగటు తప్పు కాదు కదయ్యా. అచ్చయినదాన్ని ఒక్క ఊరికోసం మార్చలేం. మందు తగిలి పోయినవాడి సంగతి మన శాఖది కాదు" అన్నారు. నేను అక్కడే నిలబడ్డాను. కూర్చోమనలేదు.

నీ రెండు లెక్కలూ, వరసలతో సహా, కింద ఓబులేసు ఎలా పోయాడో రాసి, నా సంతకంతో, రిపోర్టు అందినవాళ్ళందరికీ ఒక్కో ప్రతి పంపాను. దాన్ని ఎవరూ అచ్చు వెయ్యరని తెలుసు. నన్ను మళ్ళీ చీటీలు అంటించే గదికి మార్చారు, ఖాయం మాట ఇక లేదు. ఇదంతా నీ జాలి కోసం రాయడం లేదు, తెలియాలని రాస్తున్నాను.

నేను వస్తాను. ముసలమ్మ ఎదుట ఏ మొహం పెట్టుకుని నిలబడాలో తెలియదు. అయినా వస్తాను. వద్దంటే చెప్పు.

జ్ఞానం.

---

అల్లూరు,
2-4-1964.

జ్ఞానానికి,

రా. వద్దనడానికి నేనెవర్ని?

బావ నీ ఉత్తరం చదివి, మడిచి బైబిలులో పెట్టారు. పిచ్చమ్మ నాతో మాట్లాడడం మానేసింది, ఎదురుపడితే పక్క సందులోకి తిరుగుతోంది. ఆమె తప్పేమీ లేదు. ఈ నెలలో గట్లు చెక్కాలి. గట్టులో మిడత గుడ్లున్నాయి, చెక్కి ఎండకు వేస్తే చస్తాయి. మన నాన్నకాలం నుంచీ చేసే పని. పోయినేడు ఏమవుతుందిలే అని మనమంతా బద్ధకించాం. ఓబులేసు కయ్య గట్టు ఎవరూ ముట్టుకోలేదు. నువ్వు వచ్చాక అది చెక్కు. పార ఇక్కడ ఉంది.

ముసలమ్మ మొన్న బడికి వచ్చింది. పిల్లలు వెళ్ళిపోయేదాకా వసారాలో కూర్చుంది. "మీ తమ్ముడు మనూరి గురించి పుస్తకం అచ్చేసినాడంట గదమ్మా, గంగాధరయ్య చెప్పినాడు. ఒకసారి సూపీమ్మా" అంది. ఇవ్వక తప్పలేదు. చేతులు కొంగుకు తుడుచుకుని తీసుకుంది. చదువు రాదు కదా, ఒక్కో పేజీ మెల్లగా తిప్పింది. మిడత బొమ్మ దగ్గర ఆగి, "ఇది నేను పట్టిందే" అంది.

"ఇందులో మా ఆయన యాడుండాడమ్మా?" అని అడిగింది.

లేడన్నాను.

"మా కయ్యో?"

లేదన్నాను. సగటులో కలిసిపోయిందని మాత్రం చెప్పలేదు జ్ఞానం.

ఆ గోరు లేని వేలితో కాగితం అంచులు సరిచేసి, నా చేతిలో పెట్టింది.

"అయితే ఇది మనూరు కాదులేమ్మా. యేరే ఏదో ఊరయ్యుంటాది" అని లేచి వెళ్ళిపోయింది.

ప్రతి నీకే తిరిగి పంపుతున్నాను. వచ్చేటప్పుడు దాన్ని మళ్ళీ తీసుకురాకు.

అక్క.